బాపు జీపులో కొత్త లైట్లు

జీపులో మీటర్లు కనపడడం లేదని మా బాపు మొదటిసారి అన్నది ఒక చలికాలం సాయంత్రం, మేడ్చల్‌లో మిఠాయి కొట్టు ముందు. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. నేను కండ్లకోయ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. కాలేజీ బస్సు నన్ను మేడ్చల్‌లో దింపేసరికి పొద్దు గూకేది. అక్కడి నుంచి శామీర్‌పేట వైపు మా ఊరికి పోయే అడ్డరోడ్డు మీద ఆ వేళకు బస్సులు ఉండవు. అందుకని బాపు రోజూ జీపు తెచ్చి, ఆ కొట్టు ముందు ఆపుకొని, నా కోసం చూసేవాడు.

ఆ రోజు నేను ఎక్కి కూర్చోగానే, "డీజిల్ ఎంతున్నదో జర సూడు బిడ్డా" అన్నాడు.

ముందుకు వంగి చూశాను. ముల్లు సగానికి కొంచెం కింద ఉంది. అదే చెప్పాను.

"గీ లైట్లు గుడ్డిగైనయ్. ఏం కనవడ్తలేదు. మార్పియ్యాలె" అన్నాడు.

నాకు కనపడుతూనే ఉంది. స్టీరింగు వెనక పాత బల్బుల వెలుగు పలచగా, పసుపు నీళ్లలా ఉన్న మాట నిజమే. కానీ అంకెలు తెలుస్తున్నాయి, ముళ్లు తెలుస్తున్నాయి. ఆ మాట ఆయనతో అనలేదు. జీపు పాతది, బల్బులూ పాతవే కదా అనుకున్నాను.

అప్పట్లో మా చుట్టుపక్కలంతా ద్రాక్ష తోటలు. జీపు కూడా తోట కోసం వచ్చిందే. తొంభైల మొదట్లో, కాపు విరగకాసిన ఒక ఏడు, బాపు దాన్ని ఎవరి దగ్గరో పాతదే కొన్నాడు. వెనక సీట్లు పీకించి, పండ్ల పెట్టెలు పేర్చుకొని, కోళ్లు కూయకముందే నగరంలో మార్కెట్టుకు పోయేవాడు. పందిరి కోసం పాతిన రాతి కడీల మధ్య సన్నటి బాట ఉండేది. ఆ బాటలో జీపును వెనక్కి నడుపుకుంటూ, ఒక్క కడీకీ తగలకుండా తోట ఆ చివరికి పోవడం ఆయనకు గొప్ప. చిన్నప్పుడు నేను పక్కన కూర్చుంటే, మనిషెత్తు రాళ్లు నా భుజం పక్కనుంచి ఒక్కొక్కటే జారిపోయేవి. నాకు నవ్వొచ్చేది. స్టీరింగు బాపు చేతిలో ఉంటే నాకు భయమన్నది తెలియదు.

అందుకే ఆ చలికాలంలో నాలో మొదలైన భయాన్ని నేనే నమ్మలేదు.

మొదట ఒక సైకిలు. పని ముగించుకొని పోతున్న ఎవరో మనిషి, రోడ్డు అంచునే పోతున్నాడు. జీపు అతని మోచేతిని ఒరుసుకున్నంత దగ్గరగా పోయింది. వెనకనుంచి తిట్లు వినిపించాయి. "లైటు లేకుంట రోడ్డెక్కుతరు" అన్నాడు బాపు. అదీ నిజమే అనుకున్నాను. కొన్నాళ్లకు బర్రెలు. రోడ్డుకు అడ్డంగా నిలబడ్డ బర్రె నాకు కనపడిన చాలాసేపటికి గాని ఆయన బ్రేకు వెయ్యలేదు. జీపు దాని డొక్కకు ఆనినట్టే ఆగింది. బర్రె పక్కకు జరిగి, తల తిప్పి కిటికీలోంచి నన్ను చూసింది. దాని ఊపిరి వెచ్చగా నా చేతికి తగిలింది. ఆ రాత్రి దుప్పటి కప్పుకొనే అన్నానికి కూర్చున్నాను.

"ఏమైంది?" అని అమ్మ అడిగింది.

"సలి" అన్నాను.

అప్పటినుంచి ప్రతి సాయంత్రం బస్సులోంచి అందరికంటే చివర దిగేదాన్ని. జీపెక్కగానే ముందున్న ఇనుప కడ్డీని పట్టుకునేదాన్ని. ఇల్లు చేరేసరికి అరచేతిలో దాని అచ్చు ఎర్రగా పడి ఉండేది. బాపును అడగడానికి నోరు రాలేదు. ఏమని అడగాలి? ఊళ్లో అందరికంటే ముందు స్టీరింగు పట్టిన మనిషిని పట్టుకొని, నీకు నడపడం వస్తలేదా అనా? లైట్లు మారిస్తే అన్నీ సర్దుకుంటాయని ఆయనతో పాటు నేను కూడా ఆశపెట్టుకున్నాను.

ఒక ఆదివారం ఇద్దరం అల్వాల్ పోయాం. బండ్లకు సామాన్లు అమ్మి బిగించే చిన్న దుకాణం అది. అప్పుడప్పుడే ఎల్ఈడీల మోజు మొదలైంది. కాలేజీ కుర్రాళ్లు మోటారు సైకిళ్ల కింద నీలం లైట్లు పెట్టించుకొని తిరిగేవారు. బాపు దుకాణంలోకి పోతూనే, "లోపల మీటర్లకు గూడ పెడ్తరా గవి?" అని అడిగాడు.

"పెడ్తం సార్" అన్నాడు లైట్లు బిగించే అతను. "పట్టపగలు లెక్క కనవడ్తయ్. బల్బు లెక్క వేడెక్కయ్, మాడిపోవు."

మీటర్ల పలక స్క్రూలు విప్పి ముందుకు లాగాడు. దాని వెనక రంగురంగుల వైర్లు, వాటి చివర శనగగింజంత బల్బులు. మసిబారి ఉన్నాయి. ఒక్కొక్కటే పీకి బల్ల మీద పెట్టాడు. వాటి చోట ఎల్ఈడీలు గుచ్చి కీ తిప్పితే రెండు వెలగలేదు. "వీటికి ప్లస్సు, మైనస్సు ఉంటది. తిప్పి పెట్టాలె" అని వాటిని తిప్పి పెట్టాడు. వెలిగాయి. స్పీడు, డీజిలు, ఇంజను వేడి చూపే మీటర్లు అయిపోయాక, పక్కన వరుసగా ఉండే హెచ్చరిక లైట్లను చూపించి, "వీటిల్ల గూడ ఇవే పెట్టాల్నా? అన్నీ ఒక్కతీరుగ ఉంటయ్" అన్నాడు. వాటిలో ఒకటి ఎర్రది, బ్యాటరీ బొమ్మ ఉన్నది. కీ తిప్పినప్పుడు వెలిగి, ఇంజను మొదలవగానే ఆరిపోయేది.

"అన్నీ మార్చు" అన్నాడు బాపు.

పని కాగానే అతను రేకుల షెడ్డుకు అడ్డంగా టార్పాలిన్ పరదా దించి చీకటి చేసి, లైట్లు వేశాడు. మీటర్లు తెల్లగా, కొంచెం నీలం కలిసిన వెలుగుతో ఒక్కసారి విచ్చుకున్నాయి. మా ముగ్గురి ముఖాలకూ ఆ వెలుగు తగిలింది. బాపు స్టీరింగు మీదికి వంగి, ముఖం దగ్గరగా పెట్టి, "సున్న, ఇరవై, నలభై, అరవై" అని బడిపిల్లవాడిలా పైకి చదివాడు. నూట ఇరవై దాకా చదివి నా వైపు తిరిగాడు. ఆయన అంత సంబరపడగా చూసి చాలా కాలమైంది.

"మస్తున్నయ్ బిడ్డా. ఇగ రందిలేదు" అన్నాడు.

ఆయన దిగులుతో పాటు నా గుండె మీది బరువు కూడా దిగినట్టనిపించింది. దారిలో ఆగి వేడివేడి బజ్జీలు తిన్నాం.

ఆ తేలిక రెండు సాయంత్రాలు కూడా నిలవలేదు. లోపలి తెల్లటి వెలుగు ముందు అద్దం మీద పడి, అంకెలు రోడ్డు మీద తేలుతున్నట్టు కనిపించేవి. వాటి వెనక ఏముందో చూడాలంటే నేను కళ్లు చిట్లించాల్సి వచ్చేది. "జర తగ్గియ్యరాదు బాపు" అన్నాను. పాత బల్బులకైతే ఒక నాబ్ తిప్పితే వెలుగు తగ్గేది. బాపు తిప్పి చూశాడు. ఏమీ మారలేదు. "తగ్గుతలేవు. ఉండనియ్" అన్నాడు. నేను కడ్డీ మళ్లీ పట్టుకున్నాను.

ఆ వారంలోనే ముసురు పట్టింది. సన్నటి జల్లు, మధ్యాహ్నం నుంచే మసక. పొద్దున జీపు మొదలవడానికి చాలాసేపు మూలిగిందట. "సలికి గట్లనే ఉంటది" అని బాపు పట్టించుకోలేదు. సాయంత్రం నన్ను ఎక్కించుకొని మేడ్చల్ దాటాక తోట గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. గీ ముసురుకు ఆకులకు బూజు తెగులు పడ్తది, తెరిపియ్యంగనే మందు కొట్టాలె, అని. నేను ఊ కొడుతున్నాను.

కొంతదూరం పోయాక వైపరు మెల్లబడింది. సగం దాకా వచ్చి ఆగి, ఆలోచించుకున్నట్టు మళ్లీ కదిలేది. బాపు హారన్ కొడితే పిల్లి గొంతులా సన్నటి శబ్దం వచ్చింది. అప్పుడు చూశాను. రోడ్డు మీద పడుతున్న వెలుగు పసుపు పచ్చబడింది. చూస్తుండగానే అది ఎర్రబారి, మా బంపరు ముందు చిన్న మడుగులా మిగిలింది. దాని అవతల ఏమీ లేదు. చెట్టు లేదు, రోడ్డు లేదు. లోపల మీటర్లు మాత్రం ఇంకా తెల్లగానే వెలుగుతున్నాయి. డీజిల్ ఇంజను ఒకసారి మొదలైతే బ్యాటరీతో పనిలేకుండా నడుస్తూనే ఉంటుంది కాబట్టి దాని చప్పుడులో ఏ తేడా లేదు. జీపు అదే వేగంతో పోతోంది.

బాపు నెమ్మదిస్తాడని చూశాను. ఆయన తెగులు మందు గురించే చెబుతున్నాడు.

"బాపు, లైట్లు సూడు" అన్నాను.

ఆయన కళ్లు కిందికి దించి మీటర్ల వైపు చూశాడు. "ఏమైంది? మంచిగ ఎలుగుతున్నయ్ గద."

"గవి గాదు బాపు. ముంగటియి. రోడ్డు కనవడ్తలేదు."

ఆయన యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదు. కాసేపటికి, "కనవడ్తలేదా?" అన్నాడు. నా మాట తప్పని కాదు. నన్ను అడిగి తెలుసుకుంటున్నట్టు అన్నాడు.

ఆ గొంతు వినగానే నాకు అర్థమైంది. రోడ్డు మీద వెలుగు ఉన్నా పోయినా ఆయనకు తేడా తెలియడం లేదు. ఇన్నాళ్లూ ఆయన గుర్తు మీద నడుపుతున్నాడు. ఎక్కడ గుంత, ఎక్కడ రోడ్డు కింది నీళ్ల మోరీ, ఎక్కడ మలుపు అన్నది ఆయన ఒంట్లో ఉంది. రోడ్డు మీద కొత్తగా ఏది వచ్చినా అది ఆయనకు లేనట్టే. ఆ సైకిలు, ఆ బర్రె, ఇంకా నేను గమనించనివి ఎన్నో. ఆపమని చెప్పాలని తెలుసు. చెప్పేలోపే మలుపు వచ్చింది.

ఎదురుగా ఒక మోటారు సైకిలు మలుపు తిరిగి వచ్చింది. దాని వెలుగుకు అడ్డంగా, మా ముందు ట్రాక్టరు ట్రాలీ వెనక భాగం నల్లగా కనిపించింది. ఏదో విరిగి నడిరోడ్డు మీదే ఆగిపోయి ఉంది. మనిషి లేడు, లైటు లేదు. దాని నిండా రాతి కడీలు. ట్రాలీ కంటే పొడుగైనవి కావడంతో కొసలు వెనక్కి పొడుచుకొచ్చి, సరిగ్గా మా ముఖాల ఎత్తులో ఉన్నాయి.

నేను అరిచానో లేదో గుర్తులేదు. స్టీరింగు మీద పడి రెండు చేతులతో నా వైపు లాగిన సంగతి గుర్తుంది. జీపు రోడ్డు దిగి ఎగిరింది. బాపు పక్కన పర్రుమని ఏదో చిరిగింది. కొమ్మలు అద్దానికి కొట్టుకున్నాయి. బాపు బ్రేకు తొక్కాడు. తుప్పల్లో ఒక పక్కకు ఒరిగి నిలబడిపోయాం. ఇంజను ఇంకా నడుస్తోంది. ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, నా చేతులు ఆయన చేతుల మీద.

"ఏమొచ్చింది బిడ్డా?" అని అడిగాడు.

అప్పటికీ ఆయనకు కనపడలేదు.

ఆయన దిగి, జీపును చేత్తో తడుముకుంటూ వెనక్కి నడిచాడు. తన పక్కనున్న సైడు అద్దం ఊడిపోయిన చోట చెయ్యి ఆగింది. అక్కడినుంచి తలకు పైన టాపు గుడ్డ చిరిగిన పొడుగునా వేళ్లు పోయాయి. ఇంకో రెండడుగులు వేసి, చెయ్యి చాపి, ఒక రాయి కొసను పట్టుకున్నాడు. దాని మొనను అటూ ఇటూ రాసి చూశాడు. తడిగా ఉంది.

"కడీలు" అన్నాడు.

మోటారు సైకిలు మనిషి మా ఊరికి పాలు తీసుకుపోవడానికి వచ్చే అతనే. బండి ఆపి పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది పటేలా? దెబ్బలు తాకినయా?" అన్నాడు.

"లైట్లు వోయినయ్" అన్నాడు బాపు. అంతకు మించి చెప్పలేదు.

పాలతను ఆ ట్రాలీ వెనక ఇంకెవరూ గుద్దకుండా కొమ్మలు విరిచి అడ్డంగా వెయ్యడానికి పోయాడు. నేను జీపు దిగి బాపు దగ్గరికి వచ్చాను. ఆయన కొంగలా ఒక కాలి మీద బరువు వేసి, జీపుకు ఆనుకొని నిలబడ్డాడు.

"ఎప్పటి సంది బాపు?" అన్నాను.

అరచేతి తడిని చొక్కాకు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా, "రెండు పంటల సంది" అన్నాడు. "పగటిపూట నడుస్తది. ఎదురుంగ ఉన్నది కనవడ్తది. పక్కలకు లేదు. పొద్దుగూకితె ఇగ ఎదురుంగ గూడ మొత్తం పొగనే."

"గట్లైతె ఎందుకు చెప్పలే? రోజు నన్ను ఎక్కించుకొని ఎట్ల వస్తున్నవ్?"

"నువ్వు ఎట్ల వస్తవు మరి ఆ రోడ్డుల?" అన్నాడు. కొంచెం ఆగి, "మన తోటకు రెండు దిక్కుల ప్లాట్లు వడ్డయ్. రోజు ఎవడో ఒగడు వస్తడు, అమ్ముతవా పటేలా అని. నాకు కండ్లు వోతున్నయని ఎర్కైతె ఊకుంటరా? ఏ కాయితం మీదనో సంతకం దీస్కుంటరు. హద్దురాయి ఇయ్యాల ఈడుంటది, రేపు ఆడుంటది. నాకు కనవడదాయె. నేను ఎవల్ని అడగాలె?"

జల్లు ఆయన ముఖం మీద పడుతోంది. తుడుచుకోలేదు.

"నాకు బుగులైతాంది బిడ్డా" అన్నాడు.

భయమన్న మాట ఆయన నోట అంతకు ముందెన్నడూ వినలేదు. పాము తోటలో కనపడితే కర్ర కోసం చూసేవాడే తప్ప వెనక్కి తగ్గేవాడు కాదు. ఇప్పుడు నా పక్కన నిలబడి, చీకట్లో నా భుజం ఎక్కడుందో వెతుకుతున్నాడు. ఆయన చెయ్యి పట్టుకొని నా భుజం మీద పెట్టాను. కడీలను చూసినప్పటి కంటే అప్పుడు నాకు ఎక్కువ భయమేసింది.

జీపును అక్కడే వదిలి నడుద్దామన్నాను. ఒప్పుకోలేదు. తెల్లారితే ఊరంతా చూస్తుంది, నలుగురు నాలుగు మాటలు అడుగుతారు. "నేను ముంగట పోత, నా ఎన్కనే రాండ్రి" అన్నాడు పాలతను. అతనికి తెలిసింది లైట్లు పోయాయని మాత్రమే. అప్పటికి నాకు బండి నడపడం రాదు. బాపు స్టీరింగు ముందు కూర్చొని, "నువ్వు చెప్పు, నేను నడుపుత" అన్నాడు నాకొక్కదానికే వినపడేలా.

ముందు మోటారు సైకిలు వెనక లైటు ఎర్రటి చుక్కలా పోతోంది. నేను తల బయటపెట్టి, నీళ్లు కళ్లలో పడుతుంటే, రోడ్డు అంచును చూస్తూ చెబుతున్నాను. ఎడమకు. ఇంకొంచెం. సీదా. మెల్లగ బాపు, మోరీ వస్తాంది. ఆయన నేను చెప్పినట్టే చక్రం తిప్పాడు, ఒక్క మాట ఎదురు చెప్పకుండా. మనిషి నడిచినంత మెల్లగా పోయాం. ఆ ప్రయాణమంతా నా కన్ను ఒక్కసారి తప్పు చూస్తే ఏమవుతుందన్న ఆలోచన తప్ప ఇంకోటి లేదు.

అమ్మ వాకిట్లో టార్చిలైటు పట్టుకొని ఉంది. వెలుతురు జీపు మీద వేసి, ఊడిన అద్దాన్ని, చిరిగిన గుడ్డను చూసింది. బాపు ముఖం మీద వేసి వెంటనే తీసేసింది. ఏమీ అడగకుండా ఆయన చెయ్యి పట్టుకొని మెట్లెక్కించింది. పళ్లెం ముందు కూర్చున్నాక నీళ్ల గ్లాసును కింద పెట్టకుండా చేతికిచ్చింది. అప్పుడు అర్థమైంది, అది ఆ రోజు మొదలైన అలవాటు కాదు.

వంటింట్లో నేను ఏడుస్తుంటే, "నాకెర్కనే" అంది. "గోడ వట్టుకొని మంచం కాడికి వస్తున్నడు. చెప్పులు ఒక్క కాడనే పెడ్తున్న, తడుముకోవద్దని. అడిగితె ఏమంటడో, ఏం ఇనాల్సి వస్తదో అని అడగలే."

మర్నాడు దుకాణం అతన్ని ఇంటికి పిలిపించాం. బ్యాటరీ పూర్తిగా అయిపోయి ఉంది. మంచి బ్యాటరీ పెట్టి ఇంజను నడిపినా దానికి కరెంటు ఎక్కడం లేదు. డైనమో బాగానే ఉంది, వైర్లు బాగానే ఉన్నాయి. అతను తల పట్టుకొని, మా ఇంటి ఫోనులోంచి తన ఉస్తాదుకు చేసి, చాలాసేపు మాట్లాడాడు. తర్వాత సంచిలోంచి ఒక పాత బల్బు తీసి, ఆ ఎర్రటి బ్యాటరీ లైటులో మళ్లీ పెట్టాడు. కీ తిప్పితే ఎర్రగా వెలిగింది. ఇంజను మొదలవగానే ఆరింది. బ్యాటరీకి కరెంటు ఎక్కడం మొదలైంది.

"ఆ ఎర్రలైటు బల్బుల నుంచి పోయే కరెంటే డైనమోను లేపుతదంట అక్కా" అన్నాడు. "ఎల్ఈడీల నుంచి పోయేది సాలదంట. అందుల నేను దాన్ని ఉల్టగ గూడ పెట్టిన. అది ఎలగనే లేదు, నేను సూడలే. నాకు నిజంగ ఎర్కలేదు." ఊడిన అద్దం వైపు చూసినప్పుడల్లా అతని ముఖం పాలిపోతోంది.

బాపు అరుగు మీద కూర్చొని విన్నాడు. "రోజు కీ తిప్పేది నేను. లైటు ఎలగకుంటె నాకు తెల్వాలె గద" అన్నాడు. అతనికి ఆ మాట అర్థమై ఉండదు. "పాతయే పెట్టు అన్నీ" అన్నాడు బాపు.

నగరంలో కంటి ఆసుపత్రికి పోవడానికి ఆయన్ని ఒప్పించడం కష్టం కాలేదు. రాళ్ల మొన ఆయన చేతికి ఇంకా తగులుతూనే ఉన్నట్టుంది. అక్కడ ఒక చీకటి గదిలో, తెల్లటి గిన్నెలాంటి యంత్రంలోకి ముఖం పెట్టి కూర్చోబెట్టారు. లోపల ఎక్కడో ఒక చోట వెలుగు చుక్క మెరుస్తుంది. కనపడినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. నేను మూలన కూర్చొని ఆ చప్పుడు వింటున్నాను. టక్. టక్. తర్వాత ఏమీ లేదు. యంత్రం లోపల ఏదో కదులుతూనే ఉంది, చుక్కలు వస్తూనే ఉన్నాయి, బాపు వేలు మాత్రం కదలడం లేదు. నొక్కు బాపు, నొక్కు, అనుకుంటూ కూర్చున్నాను. జీపు ముందు ఆరిన వెలుగు కంటే ఆ నిశ్శబ్దం నన్ను ఎక్కువ భయపెట్టింది.

నీటికాసులు అన్నారు. కంటి లోపలి ఒత్తిడికి నరం ఎండిపోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందు మానకుండా వేసుకుంటే మిగిలిందాన్ని కాపాడుకోవచ్చు. బండి మాత్రం ఇక నడపకూడదు.

బాపు అంతా విని, "సంతకం ఏడ పెడ్తున్ననో సూస్కునేటంత ఉంటదా సార్?" అని అడిగాడు.

డాక్టరుకు ఆ ప్రశ్న వింతగా తోచింది. నాకు తోచలేదు. "మందు వేసుకుంటే ఉంటుంది" అన్నాడు ఆయన. తర్వాత నా వైపు చూసి, "ఇది కుటుంబంలో వస్తుంది. మీరూ ఏడాదికోసారి చూపించుకోండి" అన్నాడు. ఆ రాత్రి నేను మంచం మీద పడుకొని, ఒక కన్ను మూసి ఇంకో కంటితో గోడ గడియారాన్ని చూశాను. మళ్లీ కన్ను మార్చి చూశాను. ఇప్పటిదాకా నా కళ్లకు ఏమీ లేదు. అయినా కంటి పరీక్షకు పోయే రోజు పొద్దుటి నుంచి నాకు అన్నం సహించదు.

ఇంటికొచ్చిన వారానికి, తోట అమ్ముతావా అని ఇద్దరు వచ్చారు. బాపు వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, అమ్మ చేత చాయ్ ఇప్పించి, "నాకు కండ్లు సరిగ కనవడ్తలేవు" అన్నాడు. నేను లోపల తలుపు పట్టుకొని నిలబడిపోయాను. "గీ సంగతి అందరికి చెప్పుండ్రి. ఇగ నా బిడ్డ సదివి, సరే అన్నంకనే ఏ కాయితమైన ముట్టుకుంట. ఆమె ఇంట్ల లేకుంటె రాకుండ్రి." చెప్పడం అయ్యేదాకా తన గ్లాసులో చాయ్ ముట్టలేదు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, చాయ్ తాగి పోయారు.

నాకు బండి నేర్పింది ఆయనే. తోటలో ఆ సన్నటి బాటలో మొదలుపెట్టాం. చూడకపోయినా ఇంజను చప్పుడు విని, "గేరు మార్చు", "కాలు లేపు" అనేవాడు. నేను కడీలకు గుద్దాను, రెండింటిని పడగొట్టాను కూడా. ఆయన ఏమీ అనలేదు.

సాయంత్రం పూట రోడ్డెక్కిన మొదటి రోజు శామీర్‌పేట దగ్గర కరీంనగర్ రోడ్డు మీద ఉన్నాం. పొద్దు గూకింది. లారీలు ఒకదాని వెనక ఒకటి కళ్లలో వెలుగు కొడుతూ వస్తున్నాయి. స్టీరింగు నా చేతుల్లో చెమటకు జారుతోంది. బాపు పక్క సీట్లో కూర్చొని ఇనుప కడ్డీని పట్టుకున్నాడు.

"ఏమొస్తాంది?" అన్నాడు.

"లారీ."

"దాని ఎన్క?"

"ఇంకో లారీ. ఆ తర్వాత ఏముందో కనవడ్తలేదు బాపు."

"కనవడనప్పుడు మెల్లగ పో. అంతే" అన్నాడు.

మా ఊరి దారి మళ్లేదాకా అలాగే మెల్లగా పోయాను. ఇంటి ముందు ఆపి ఇంజను బంద్ చేశాను. దిగడానికి తలుపు తీసి, కాలు కింద పెట్టి, మళ్లీ లోపలికి తీసుకున్నాను.

"నా కాళ్లు వణుకుతున్నయ్" అన్నాను.

"నాయి గూడ" అన్నాడు బాపు.

లోపల్నుంచి అమ్మ అన్నానికి పిలిచింది. వస్తున్నం అని చెప్పి, కాళ్లు నిలకడ అయ్యేదాకా ఇద్దరం జీపులోనే కూర్చున్నాం.